బోడిగుట్ట మీద మాంత్రికులు

విల్ఫ్ ఆల్సప్ మోకాళ్లు చేసినంత చప్పుడు ఇంగ్లండులో మా హీనర్ ఊళ్లో చర్చి తలుపు కూడా చేయదు. శనివారం మధ్యాహ్నం ఆ చప్పుడు వినబడిందంటే ఆయన బల్ల పక్కన నేల మీదికి దిగుతున్నాడని అర్థం. ముందు ఎడమ మోకాలు, తర్వాత కుడిది, ఆ తర్వాత గడ్డం తెచ్చి బల్ల అంచుకి ఆనిస్తాడు. ఒక కన్ను మూసి, బొటనవేలంత సీసపు మాంత్రికుడి వెనక నుంచి, వాడి భుజం మీదుగా, వాడి కంటికి ఏం ఆనుతుందో చూస్తాడు. చూసి ఒకే మాట చెబుతాడు. "కనబడుతుంది" అంటే మంత్రం పారుతుంది. "కనబడదు" అంటే పారదు. ఇరవై ఆరేళ్లుగా ఆయనే మా ఆటకి అంపైర్, ఆ మాటకి తిరుగు లేదు.

మాది గొప్ప క్లబ్బేమీ కాదు. చర్చి వెనక చలిగది, మూడు మడతబల్లలు, వాటి మీద పచ్చగుడ్డ. గుడ్డ కింద పాత పుస్తకాలు దూరిస్తే అవే గుట్టలు. బల్లకి అటు నలుగురం, ఇటు నలుగురం. రాక్షసమూకలు, ఈటెల దళాలు, గుర్రాలు, తలా ఒక మాంత్రికుడు. క్లైవ్ హేలమ్ ఇళ్లకి పెంకులు కప్పేవాడు, నోరు పెద్దది. నేను గ్లెనిస్‌ని. గోదాములో పెట్టెలు ఎత్తుతాను. శనివారం పొద్దుటి షిఫ్టు దిగి, పాదాల వాపు తగ్గకుండానే వచ్చి కూర్చుంటాను. యాభై దాటినదానివి నీకీ బొమ్మలాటేమిటే అని మా అక్క ఇప్పటికీ ఈసడిస్తుంది. వారమంతా ఎవరో చెప్పిన చోట పెట్టెలు పెట్టేదాన్ని, ఒక్క పూటైనా నేను చెప్పిన చోట ఎవరో ఒకరు నిలబడితే బాగుంటుంది కదా. అది ఆవిడకి చెబితే అర్థం కాదు.

విల్ఫ్ ముప్ఫై ఒక్క ఏళ్లు మేజోళ్ల ఫ్యాక్టరీలో అల్లిక యంత్రాల సూదులు సరిచేశాడు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు మిగతావాళ్లు తిట్టుకుంటూ ఇళ్లకి పోయారు. ఆయన మాత్రం, పని రాసిచ్చే పసుపుపచ్చ చీటీల కట్టలు పారేస్తుంటే చూసి, నాలుగు పెట్టెలు భుజాన వేసుకుని పోయాడు. మా సేనలకి ఉత్తర్వులన్నీ ఆ చీటీల మీదే రాస్తాం. ఆట నియమాలు రాసింది కూడా ఆయనే. ప్రతి దళానికీ ఆవృత్తానికి, అంటే ఆటలో ఒక్కో వంతుకి, ఒక చీటీ. చీటీకి ఏడు మాటలు, ఎనిమిదో మాట రాస్తే చించేస్తాడు. "గుర్రం మీద దౌడు తీస్తూ పోయే వార్తాహరుడు బాతూ, ఇంతకన్నా ఏం గుర్తుపెట్టుకుంటాడు?" అంటాడు. మా వైపు బస్సు డ్రైవరు నుంచి డాక్టరు దాకా ఎవరినైనా ప్రేమగా బాతూ అనే పిలుస్తాం.

చీటీ మడిచి చేతికిచ్చాక మార్చడానికి లేదు. రాసింది రాసినట్టు జరిపిస్తాడు. ఒకసారి క్లైవ్ తన విలుకాళ్లకి "నేను వచ్చేదాకా అక్కడే ఉండండి" అని రాసిచ్చి, ఆ వెంటనే సేనానిని పోగొట్టుకున్నాడు. ఆ విలుకాళ్లు మూడు శనివారాలు అదే పొద దగ్గర నిలబడ్డారు. యుద్ధం ముగిసింది, బల్లలు మడిచేవేళ కూడా ఇంకా నిలబడే ఉన్నారు. క్లైవ్ కాళ్లావేళ్లా పడ్డా విల్ఫ్ కదలనివ్వలేదు.

ఇక మాంత్రికుడి సంగతి. వాణ్ణి ఎక్కడ నిలబెట్టాలో తెలిస్తే ఈ ఆటలో సగం వచ్చినట్టే. వాడు చూడాలి, వాడు మాత్రం ఎవరికీ కనబడకూడదు. గోడ చివర, కొట్టం మూల, పొదల సందు, అలాంటి చోట్లు వెతకాలి. కొత్తగా వచ్చినవాళ్లకి విల్ఫ్ చెప్పే మొదటి పాఠం ఇదే. "మాంత్రికుడంటే ముసలి పిల్లి అనుకో బాతూ. కిటికీ పక్కన కూర్చోవాలి, కిటికీలో కూర్చోకూడదు." గుట్ట మీద పెట్టావంటే ఎదుటివాడి బాణాలన్నీ వాడి మీదే. అందుకే మంచి ఆటగాళ్లు ఎప్పుడూ సందుల్లో పెడతారు. సందుల్లో పెడతారు గనుకే విల్ఫ్ మాటిమాటికీ మోకాళ్ల మీదికి దిగాలి.

మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం క్లైవ్ మాంత్రికుడు పాడుబడ్డ మిల్లు పక్క నుంచి నా ఈటెల దళం మీద నిప్పు విసురుతానన్నాడు. నాలుగేళ్లుగా ఓడని దళం అది. ఒక్కో బొమ్మకి రంగు నేనే వేశాను, డాళ్ల మీద నక్షత్రాలతో సహా. విల్ఫ్ దిగాడు, గడ్డం ఆనించాడు, ఒక కన్ను మూశాడు. నేను ఆయన ఎదురుగానే ఉన్నాను. ఆయన తెరిచిన కన్ను నా దళం వైపు లేదు. బల్ల ఆ చివరనున్న టీ కెటిల్ వైపు ఉంది. మధ్యలో మిల్లు పొగగొట్టం నిటారుగా నిలబడి ఉంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"కనబడుతుంది" అన్నాడు.

నలభై మంది పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోయాను. అప్పుడాయన లేవడానికి బల్ల అంచు కోసం చెయ్యి చాపాడు. అంచు ఒక జానెడు ఇవతల ఉంది, చెయ్యి గాలిలో తడుముకుంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ మరుసటి వారం నా మాంత్రికుణ్ణి తీసుకెళ్లి నడిమధ్య బోడిగుట్ట మీద పెట్టాను. అక్కణ్ణుంచి అన్నీ కనబడతాయి, వాడూ అందరికీ కనబడతాడు. ఎవరూ మోకాళ్ల మీదికి దిగక్కర్లేదు. రెండో ఆవృత్తంలోనే బాణం తగిలి చచ్చాడు. దానికేం, మళ్లీ వారానికి లేస్తాడు. తలెత్తి చూస్తే క్లైవ్ మాంత్రికుడు ఎదుటి గుట్ట మీద పొగగొట్టంలా నిలబడి ఉన్నాడు. వీడికి మతిగానీ పోయిందా అనుకున్నాను. క్లైవ్ ముఖం చూశాను. వాడు గబుక్కున టీ కప్పులోకి చూశాడు. అంతే, మేమిద్దరం ఆ సంగతి ఒక్క మాట అనుకోలేదు. ఏప్రిల్ వచ్చేసరికి ఎనిమిది మంది మాంత్రికులూ గుట్టలెక్కేశారు. చీటీలు కూడా ఎవరో మొదలుపెట్టారు, లావు పాళీ పెన్నుతో, ఏడు మాటలకి చీటీ నిండిపోయేంత అక్షరాలతో రాయడం.

పాపం విల్ఫ్‌కి మాత్రం ఆట మీద విసుగు పుట్టింది. "ఇరవై ఆరేళ్లు చెప్పాను మీకు. గోడకి చెప్పినా ఈపాటికి మాంత్రికుణ్ణి ఎక్కడ పెట్టాలో గోడే నేర్చుకునేది. గ్లెనిస్, నువ్వు కూడానా? నీకేమొచ్చింది?"

"అలిసిపోయాను విల్ఫ్. బుర్ర పనిచెయ్యట్లేదు" అనేదాన్ని. అలిసిపోయిన మాట నిజమే కాబట్టి అబద్ధంలా అనిపించేది కాదు.

ఆ అంపైర్ కుర్చీ తప్ప ఆ మనిషికి ఇంకేం లేదని మా అందరికీ తెలుసు. భార్య పోయి పదేళ్లు. ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. ఆయన వారమంతా శనివారం కోసమే బతుకుతాడు. కళ్లు పోతున్నాయని మేం అంటే ఆ కుర్చీ పోతుంది. అందుకే ఎవరం అనలేదు. ఇది దయ అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే దయకన్నా బద్ధకమే ఎక్కువనిపిస్తుంది. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి నిజం చెప్పే ఓపిక ఎక్కడుంటుంది? మాంత్రికుణ్ణి గుట్ట ఎక్కించడం తేలిక.

సెప్టెంబరులో పక్కనున్న డెర్బీ ఊరి క్లబ్బువాళ్లు ఏటా వచ్చినట్టే మాతో ఆడటానికి వచ్చారు. వాళ్లలో నదీమ్ అని ఒకడు, ముప్ఫై ఏళ్లుంటాయి, మొదటిసారి రావడం. చాలా మర్యాదస్తుడు. ఇంటి నుంచి సమోసాలు తెచ్చి మా చీజు బన్నుల పక్కన పెట్టాడు. తన మాంత్రికుణ్ణి ఎక్కడ పెట్టాలా అని బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, చివరికి కూలిన కొట్టం కిటికీ పక్కన, సరిగ్గా ముసలి పిల్లిలా కూర్చోబెట్టాడు. చూసి విల్ఫ్ ముఖం వెలిగిపోయింది.

"చూశారా? చూసి నేర్చుకోండి సన్నాసుల్లారా!" అన్నాడు మాతో.

నదీమ్ నవ్వాడు. మా వైపు గుట్టల మీదున్న నలుగురు మాంత్రికులనీ ఒకసారి చూసి, వాడికి తెలియక, మామూలుగా అడిగాడు. "ఆల్సప్ గారూ, ఒక్క సందేహం. మీ క్లబ్బులో మాంత్రికుల్ని గుట్టల మీదే పెట్టాలని నియమం ఏమైనా ఉందా? మాకెవరూ చెప్పలేదు."

విల్ఫ్ ముఖం మీద నవ్వు అలాగే ఉంది, కానీ అది చెరపడం మరిచిపోయిన నవ్వు.

"క్లైవ్, నీవాణ్ణి గుట్ట మీద ఎందుకు పెట్టావు?" అని అడిగాడు.

"ఊరికేనే విల్ఫ్. గాలి తగులుతుందని."

"గ్లెనిస్, నువ్వు?"

నేను చీటీల కట్ట సర్దడం మొదలుపెట్టాను.

"ఎప్పట్నుంచి?"

"ఫిబ్రవరి" అన్నాను.

ఆయన వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. "ఫిబ్రవరిలో నీ ఈటెలోళ్ల మీద నిప్పు పడిందన్నాను. నిజంగా కనబడిందా?"

"లేదు. మధ్యలో మిల్లు గొట్టం ఉంది."

"మరి నోరు పెగల్లేదే?"

"అంపైర్ మాటకి తిరుగు లేదని నువ్వే రాశావు కదా."

"కళ్లున్న అంపైర్ గురించి రాశాను!" ఇరవై ఆరేళ్లలో ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి. "ఏడు నెలలు! ఆట ఆడటం మానేసి నన్ను ఆడించారు మీరంతా. నేనేమో వీళ్లకి బుర్రలు చెడ్డాయేమిటా అని ఇంటికి పోయి బెంగ పెట్టుకున్నాను."

దళాల దూరాలు చూసే కొలతటేపు చేతిలో ఉన్నది ఉన్నట్టే పట్టుకుని, కోటు మరిచిపోయి, తలుపు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. నదీమ్ ముఖం చూడలేకపోయాను. "నేనేం తప్పు అడిగాను?" అంటున్నాడు పాపం. క్లైవ్ వాడి భుజం తట్టి, "అడగాల్సింది మేం. మాకు చేతకాలేదు, నువ్వడిగావు" అన్నాడు. వాడు తెలివైన మాట మాట్లాడటం నేను వినడం అదొక్కసారే.

తర్వాతి శనివారం విల్ఫ్ రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. అంపైర్ లేకుండా మూడు ఆవృత్తాలు ఆడి, ఒకరి మీదొకరు అరుచుకుని, బల్లలు మడిచాం. ఆ సాయంత్రం ఆయన కోటు పట్టుకుని వాళ్లింటికి పోయాను. కొండెక్కే వీధి, నా పాదాలు బాతుపాదాల్లా వాచి ఉన్నాయి. వాకిట్లో తిట్టుకుంటూ నిలబడ్డాను.

తలుపు తీసి నా చెవి వైపు చూశాడు. "ఆ లోలాకులు గ్లెనిస్‌వి" అన్నాడు.

వంటగదిలో కూర్చున్నాం. నడిమధ్య చూపు పోయిందట, అంచుల చూపు మిగిలిందట. ఆస్పత్రిలో అలాగే చెప్పారట. "మనిషిని సూటిగా చూస్తే ముఖం మాయం. చెవులు మాత్రం అటొకటి ఇటొకటి వేలాడుతుంటాయి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బల్ల మీద బిస్కెట్ల డబ్బా మూత తీసి ఉంది, పక్కన భూతద్దం. డబ్బా నిండా మా పసుపు చీటీలు. ఇరవై ఆరేళ్ల ఉత్తర్వులు ఒక్కటీ పారేయలేదు ఆయన. పైన ఉన్నవన్నీ లావు అక్షరాలవి.

"పెద్దక్షరాలు కూడా రాశారు, గాడిదలు. ఇవి రాస్తున్నప్పుడైనా ఒక్కడు నా చెవిలో వేసి ఉంటే పోయేది కదా."

"తప్పే విల్ఫ్. నీ కుర్చీ నీకు లేకుండా చెయ్యడం ఎవరికీ ఇష్టం లేకపోయింది" అన్నాను. ఆ మాట అనడానికి ఏడు నెలలు పట్టింది, అనేస్తే ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"కుర్చీ పోయింది లే."

"వచ్చే శనివారం రా."

"వచ్చి ఏం చెయ్యను? టీ కాచనా?"

"ఆడు. నీ ఆట నువ్వే ఒక్కసారి కూడా ఆడలేదు."

ఆయన జేబులోంచి కొలతటేపు తీసి నా వైపు తోశాడు. అది ఫ్యాక్టరీ నాటి టేపు, అంగుళాల గీతలు సగం చెరిగిపోయాయి. "అయితే నువ్వే అంపైర్‌వి. ఒక్కటి విను. నా మీద జాలిపడి ఒక్క తీర్పు చెప్పావో, అదే ఆఖరు. మళ్లీ ఆ గది గడప తొక్కను."

శనివారం చెప్పులపెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. అందులో ఎప్పుడో కుర్రతనంలో రంగులేసిన సేన, రంగు పెచ్చులూడి ఉంది. బల్ల దగ్గర నిలబడి, గోడలు, పొదలు, కొట్టాలు అన్నీ వేళ్లతో తడిమి చూసుకున్నాడు. వాటి వరస మనసులో వేసుకుంటున్నాడని తెలిసింది. క్లైవ్ ఎదుటి పక్షం. క్లైవ్ మాంత్రికుడు, ఏడు నెలల తర్వాత, గుట్ట దిగి కొట్టం వెనక్కి పోయాడు.

విల్ఫ్ మొదటి చీటీ నా చేతికిచ్చాడు. అక్షరాలు వంకరటింకరగా గీత దాటి పోయాయి. గట్టిగా చదివాను. "గోడ వెనక దాక్కో. కావాలంటే వాళ్లే వంగి చూస్తారు." వేళ్లు మడిచి లెక్కపెట్టాను, సరిగ్గా ఏడు. గది గదంతా పకపకా నవ్వింది. క్లైవ్ అయితే కళ్లు తుడుచుకున్నాడు, నవ్వుకో దేనికో.

ఐదు ఆవృత్తాలు ఆడాడు ఆయన, ఎంత బాగా ఆడాడని! మేం ఇన్నేళ్లూ ఆయన చెప్పిందాంట్లో సగమే నేర్చుకున్నామని అర్థమైంది. ఆరో ఆవృత్తంలో క్లైవ్ గుర్రాలు దండు వెనక నుంచి తిరిగి విల్ఫ్ సేనాని మీదికి వచ్చేశాయి. ఇక ఒక్క అంగ దూరంలో ఉన్నాయి. విల్ఫ్ చీటీ ఇచ్చాడు. "మాంత్రికుడా, ఎడమ గుర్రాల మీద నిప్పు కురిపించు." పారితే గుర్రాలు బూడిద, యుద్ధం ఆయనది. పారకపోతే సేనాని చస్తాడు, ఇరవై ఆరేళ్లకి ఆడిన మొదటి ఆట పోతుంది.

నేను దిగాలి. ఎడమ మోకాలు, తర్వాత కుడిది. నేల చల్లగా ఉంది, షిఫ్టంతా పాదాల్లో పోటు పెడుతోంది. ఇన్నేళ్లు ఆయన ఇన్నిసార్లు ఎలా దిగాడో అనుకున్నాను. గడ్డం బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి, మాంత్రికుడి భుజం మీదుగా చూశాను. గోడ చివర. దాని అవతల, అంతకు ముందు ఆవృత్తంలో క్లైవ్ తోసిన గడ్డిబండి. బండి పైన ఎర్రగా ఆ గుర్రపుదళం జెండా కొస, అంతే. గుర్రం లేదు, మనిషి లేదు. బండి కదిలిన సంగతి విల్ఫ్ వేళ్లకి తెలియదు.

నియమాల్లో పదకొండోది ఆయనే రాశాడు. జెండా కనబడితే చాలదు, మనిషి కనబడాలి.

తల తిప్పి పైకి చూశాను. క్లైవ్, ఓడిపోయేది వాడే అయినా, కనబడుతుందని చెప్పెయ్ అని కళ్లతో బతిమాలుతున్నాడు. అందరూ అదే చూపు. జెండా ఉంది కదా, ఎవరు కాదంటారు? విల్ఫ్ నా వైపు చూడలేదు, చూసినా ముఖం కనబడదు. చెవి మాత్రం ఇటు పెట్టి ఉన్నాడు. ఆ గదిలో అందరికన్నా ఎక్కువ అలిసిపోయింది ఆ మనిషేనని, అలిసిపోయి కూడా వింటున్నాడని అనిపించింది.

"కనబడదు" అన్నాను.

ఫిబ్రవరి నుంచి ఆ గదిలో మేం ఎవరం ఆయన ముందు అనని మాట అది.

క్లైవ్ గుర్రాలు ముందుకొచ్చాయి. సేనాని పడిపోయాడు. ఎవరూ గెలుపు కేక వెయ్యలేదు. విల్ఫ్ బల్ల మీద తడిమి, పడిన బొమ్మని వేళ్లతో వెతికి తీసి, చెప్పులపెట్టెలో పడుకోబెట్టాడు.

"మధ్యలో ఏముంది?" అని అడిగాడు.

"గడ్డిబండి. జెండా కొస కనబడింది."

"జెండా చాలదు."

"చాలదు."

తల ఊపాడు. పెదవి చివర మెల్లగా నవ్వు లేచింది. "గోడకి ఎడమవైపు పెట్టి ఉండాల్సింది" అని తనలో తాను అనుకున్నాడు. నేను ఇంకా నేల మీదే ఉన్నాను, మోకాళ్లు లేవనంటున్నాయి. ఆయన చెయ్యి చాపాడు, నాకు ఒక జానెడు పక్కగా. నేనే జరిగి అందుకున్నాను.

"లే బాతూ. వచ్చే శనివారానికి మోకాళ్ల కింద వేసుకోవడానికి నా దిండు తెస్తాను, నువ్వు చాలాసార్లు దిగాలి" అన్నాడు.